మీ ఊరి గురించి చెప్పమంటే...

రాత పరీక్ష గట్టెక్కారు. ఇక మిగిలింది ఇరవై నిమిషాల ఇంటర్వ్యూ. దానికెలా సిద్ధం కావాలి? కంఠతా పట్టే గైడ్లు పక్కన పెట్టండి. కాసేపు ఏడుపాయల దాకా వెళ్లొద్దాం రండి!

ఆదివారం పొద్దున. ఏడుపాయల వనదుర్గమ్మ గుడి ముందు బోనాలెత్తినవాళ్లు, ఒడిబియ్యం పోసేవాళ్లు, పిల్లల్ని భుజాలమీద ఎక్కించుకున్నవాళ్లు... సందడిగా ఉంది. దర్శనం ముగించుకుని వచ్చిన ఓ తాతా మనవరాలూ మంజీర ఒడ్డున బండమీద కూర్చున్నారనుకోండి. ఆ అమ్మాయి మెదక్‌లో డిగ్రీ పూర్తిచేసింది. పీజీ కోసం ఓ పెద్ద విశ్వవిద్యాలయానికి దరఖాస్తు పెట్టింది. రాత పరీక్షలో నెగ్గింది. పది రోజుల్లో ఇంటర్వ్యూ. ఇంటర్వ్యూకి రమ్మన్న కాగితాన్ని అమ్మవారి దగ్గర పెట్టి దండం పెట్టుకుంది. కానీ గుండెదడ తగ్గలేదు.

''ఏమడుగుతరంట బిడ్డా?''

''తెల్వదు తాతా. గదే బుగులైతంది.''

''పరీక్ష రాస్తివి గద. మల్ల అడుగుడెందుకు?''

తాత అడిగింది మంచి ప్రశ్న. ఇంటర్వ్యూకి వెళ్లే ప్రతి విద్యార్థీ, పంపే ప్రతి తల్లీతండ్రీ ముందు దానికే జవాబు వెతకాలి. అది దొరికితే ఎలా సిద్ధం కావాలన్నది దానంతటదే తెలిసిపోతుంది.

నోరు విప్పే పనే లేదు!

మన పిల్లలకు పరీక్షలు కొత్తకాదు. పదో తరగతి నుంచి రాస్తూనే ఉంటారు. ఎప్‌సెట్ అయితే ర్యాంకు చూసి, కాలేజీల పేర్లు వరసగా పెట్టుకుంటే సీటు వచ్చేస్తుంది. డిగ్రీకి 2016 నుంచి తెలంగాణలో 'దోస్త్' ఉంది. అక్కడా అంతే... మార్కులు, ఆప్షన్లు, సీటు. ఎవరూ ఎదురుగా కూర్చుని 'ఈ చదువే ఎందుకమ్మా?' అని అడగరు. పదిహేనేళ్లు చదివినా ముక్కూమొహం తెలియని నలుగురి ముందు తన ఆలోచన చెప్పాల్సిన అవసరం చాలామందికి ఒక్కసారి కూడా రాదు. బడిలో మాట్లాడితే అల్లరి, ఇంట్లో ఎదురడిగితే పెంకితనం. అలా పెరిగిన పిల్లల్ని ఉన్నట్టుండి 'మాట్లాడు' అంటే గొంతు పెగలకపోవడంలో వింతేముంది!

అయినా ఈ గడప దాటక తప్పని చదువులు ఇప్పుడు చాలానే ఉన్నాయి. క్యాట్‌లో మంచి స్కోరు తెచ్చుకున్నా ఐఐఎంలో చేరాలంటే ఇంటర్వ్యూ నెగ్గాలి. 2015లో మొదలైన విశాఖపట్నం ఐఐఎం, 2001లో హైదరాబాద్‌లో వచ్చిన ఐఎస్‌బీ... ఏదీ మాట్లాడించకుండా సీటివ్వదు. 2010లో బెంగళూరులో ప్రారంభమైన అజీమ్ ప్రేమ్‌జీ విశ్వవిద్యాలయంలో పీజీకే కాదు, ఇంటర్ తర్వాత చేరే డిగ్రీకీ రాత పరీక్షతో పాటు ఇంటర్వ్యూ ఉంటుంది. ఇంటి ఆదాయాన్ని బట్టి ఫీజులో సాయం కూడా చేస్తారు కాబట్టి పల్లెల పిల్లలకు అది ముఖ్యమైన గడపే.

ఇక పీహెచ్‌డీ. యూజీసీ 2016లో తెచ్చిన నిబంధనల్లో రాత పరీక్ష అర్హత కోసమే, అసలు ఎంపిక ఇంటర్వ్యూలోనే అన్నట్టు ఉండేది. దానిపై విమర్శలు రేగాయి. 2018లో సవరించి రాతకు 70, ఇంటర్వ్యూకి 30 శాతం అన్నారు. 2024-25 నుంచి నెట్ మార్కులతో ప్రవేశాలిచ్చే చోట కూడా అదే లెక్క... నెట్‌కు 70, ఇంటర్వ్యూకి 30. జేఆర్‌ఎఫ్ వచ్చినవాళ్లకైతే ఇంటర్వ్యూనే ఆధారం. అంటే ఉస్మానియాలోనో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలోనో పరిశోధన చేయాలనుకునే మెదక్ అమ్మాయికి ఆ కాసేపు మాటలే భవిష్యత్తు కావచ్చు.

రెండు నిమిషాల్లో తేల్చేశారు!

'మాటలకు మార్కులేంటి? తెలిసినవాళ్ల పిల్లలకు వేసుకోవడానికా?' ఈ అనుమానం చాలా ఇళ్లలో ఉంది. తీసిపారేయాల్సిన అనుమానం కాదది. సుప్రీంకోర్టు దాకా వెళ్లిందే.

శ్రీనగర్‌లోని ప్రాంతీయ ఇంజినీరింగ్ కాలేజీలో అప్పట్లో రాత పరీక్షకు 100, ఇంటర్వ్యూకి 50 మార్కులు ఉండేవి. సీటు రాని విద్యార్థులు కోర్టుకెక్కారు. మమ్మల్ని రెండు మూడు నిమిషాలే కూర్చోబెట్టారు, చదువు గురించి కాకుండా తల్లిదండ్రులెవరు, ఎక్కడుంటారు అనే అడిగారు అన్నది వాళ్ల గోడు. 'అజయ్ హాసియా' కేసుగా పేరుపడిన ఆ వ్యాజ్యంలో 1980 నవంబరులో తీర్పు వచ్చింది. మొత్తం మార్కుల్లో మూడోవంతు ఇంటర్వ్యూకి పెట్టడం అన్యాయమనీ, అలాంటి ప్రవేశాల్లో 15 శాతం దాటితే అది ఇష్టారాజ్యమే అవుతుందనీ కోర్టు చెప్పింది. ఇంటర్వ్యూలను టేపులో రికార్డు చేస్తే మంచిదని కూడా సూచించింది.

విచిత్రమేంటంటే, అదే తీర్పు ఇంటర్వ్యూలను పూర్తిగా కొట్టేయలేదు. రాత పరీక్షకు అందనివి కొన్ని మాటల్లో తెలుస్తాయని ఒప్పుకుంది. రాతలో ఏం తెలుసో కనిపిస్తుంది. తెలియనిది ఎదురైనప్పుడు ఏంచేస్తారో కనిపించదు. 'మల్ల అడుగుడెందుకు' అన్న తాత ప్రశ్నకు జవాబు ఇదే!

అక్షింతల పురుగు ఎరుపెందుకు?

ఈ సంగతి బాగా అర్థంకావాలంటే ఓసారి ఆక్స్‌ఫర్డ్ వైపు చూద్దాం. అక్కడ డిగ్రీలో చేరాలన్నా ఇంటర్వ్యూ ఉంటుంది. ఏటా డిసెంబరులో జరుగుతాయి. 2020 నుంచి ఆన్‌లైన్‌లోనే. తరగతి గదిలో పాఠం నడిచినట్టే ఇంటర్వ్యూ నడవాలన్నది వాళ్ల పద్ధతి. విద్యార్థులు భయపడకూడదని కొన్ని నమూనా ప్రశ్నలను వాళ్లే బయటపెడుతుంటారు. వాటిలో రెండు చూడండి.

మొదటిది జీవశాస్త్రం వాళ్లకి. అక్షింతల పురుగు ఎర్రగా ఉంటుంది, స్ట్రాబెర్రీ కూడా ఎర్రగానే ఉంటుంది... ఎందుకు? పుస్తకంలో జవాబు వెతకనక్కర్లేదు. పండు ఎర్రగా ఉంటే పిట్టలకూ జంతువులకూ ఇట్టే కనబడుతుంది. అవి తింటేనే గింజలు నాలుగు చోట్లా పడతాయి. పురుగు సంగతి అడ్డం తిరుగుతుంది. దాని ఎరుపు 'నన్ను తినొద్దు, చేదు' అని చెప్పే హెచ్చరిక. ఒకే రంగు... ఒకచోట రమ్మని, ఇంకోచోట పొమ్మని! చేలో పేనుబంకను తినేసే అక్షింతల పురుగును రోజూ చూసే రైతుబిడ్డకు ఈ ప్రశ్న కష్టమా? కాకూడదు. కానీ 'ఎందుకు' అని ఎప్పుడూ అనుకోకపోతే మాత్రం కష్టమే.

రెండోది ఇంజినీరింగ్ వాళ్లకి. దీన్ని ఇప్పుడే ఇంట్లో చేసి చూడొచ్చు. రెండు చూపుడువేళ్లు దూరంగా చాపి, వాటిమీద అడుగు స్కేలు పెట్టండి. వేళ్లను మెల్లగా దగ్గరికి జరపండి. ఏమవుతుంది? స్కేలు ఓ పక్కకి ఒరిగి పడిపోతుందనుకుంటాం. పడదు. ఒక వేలు కాస్త జారి ఆగుతుంది, తర్వాత రెండోది జారుతుంది. అలా వంతులవారీగా జరిగి రెండూ స్కేలు మధ్యలో కలుసుకుంటాయి. మధ్యకు దగ్గరగా ఉన్న వేలిమీద బరువు ఎక్కువ పడుతుంది. బరువు ఎక్కువైతే రాపిడీ ఎక్కువ. అందుకే అది ఆగుతుంది, దూరంగా ఉన్నది జారుతుంది.

ఈ ప్రశ్నకు మొదట 'పడిపోతుంది' అని తప్పు చెప్పినవాళ్లకు సీటు పోదు. చేసి చూశాక 'అరె, నేననుకున్నట్టు కాలేదే, ఎందుకబ్బా' అని పైకి ఆలోచించేవాళ్లు కావాలి వాళ్లకు. పరీక్షలో తప్పు జవాబుకు సున్నా. ఇంటర్వ్యూలో తప్పు జవాబు తర్వాత ఏమన్నారన్నదే అసలు మార్కు!

ఏడుపాయలే సిలబస్

మళ్లీ మంజీర ఒడ్డుకొద్దాం. మన అమ్మాయి అభివృద్ధి అధ్యయనాల కోర్సుకు వెళ్తోందనుకుందాం. లోపలికి వెళ్లగానే వాతావరణం తేలిక పరచడానికి ఇంటర్వ్యూల్లో తరచూ వేసే మొదటి ప్రశ్న... 'మీ ఊరి గురించి చెప్పండి'.

చాలామంది తడుముకునేది ఇక్కడే. 'మాది మెదక్ జిల్లా సార్. వ్యవసాయం ముఖ్య వృత్తి. ప్రశాంతమైన ఊరు' అని మూడు ముక్కల్లో ముగించేస్తారు. దేశంలో ఏ ఊరికైనా అతికే మాటలవి. విన్నవాళ్లకు అడగడానికి ఇంకేం మిగలదు. వెంటనే పుస్తకాల ప్రశ్నల్లోకి వెళ్లిపోతారు.

అదే అమ్మాయి ఇలా మొదలుపెడితే? 'మాది ఏడుపాయల దగ్గర సార్. మంజీర అక్కడ ఏడు పాయలుగా చీలి, మళ్లీ కలుస్తుంది.' రెండే వాక్యాలు. ఇక ప్రశ్నలు వాటంతటవే వస్తాయి.

నది ఎందుకు చీలింది? స్థలపురాణం ఒకటుంది. జనమేజయుడు సర్పయాగం చేసిన చోటంటారు. ఏడు పాయలకూ ఏడుగురు రుషుల పేర్లున్నాయి. అది చెప్పొచ్చు, సిగ్గుపడక్కర్లేదు. ఆపైన తను చూసిందీ చెప్పొచ్చు... అక్కడంతా గట్టి బండలు. నీళ్లు బండను కోసుకుపోలేనప్పుడు సందులు వెతుక్కుంటాయి. పురాణం జనం నమ్మకాన్ని చెబుతుంది, బండ నీటి నడకను చెబుతుంది. రెంటినీ వేర్వేరుగా చెప్పగలగడమే చదువు.

గుడి ఎందుకు మునుగుతుంది? గట్టి వానలొచ్చి ఎగువన ఉన్న ఘనపురం ఆనకట్ట పొంగితే అమ్మవారి గుడిని నీళ్లు చుట్టేస్తాయి. అలాంటప్పుడు ఉత్సవ విగ్రహాన్ని రాజగోపురంలో ఉంచి పూజలు చేస్తారు. ఆ ఆనకట్ట ఇప్పటిది కాదు. నిజాం కాలంలో 1905లో కట్టారు. దాన్నుంచి రెండు కాలువలు... మహబూబ్ నహర్, ఫతే నహర్. వాటి కింద దాదాపు ఇరవై వేల ఎకరాల ఆయకట్టు. ఇంకా ఎగువన సింగూరు ప్రాజెక్టు ఉంది. అది హైదరాబాద్‌కు తాగునీరిస్తుంది. అక్కడి నుంచి నీళ్లు వదిలితేనే ఘనపురం కింద పొలాలు పండుతాయి.

చూశారా! మూడు ప్రశ్నలు గడిచేసరికి మాట ఎక్కడికొచ్చిందో. 'నీళ్లు తక్కువున్న ఏడాది నగరానికివ్వాలా, పొలానికివ్వాలా?' ఏ మేధావుల సభలోనైనా అడగదగ్గ ప్రశ్న ఇది. దానికి ఒకే జవాబు లేదు. కానీ కాలువ చివరి మడికి నీళ్లు రాక తాత పడ్డ తిప్పలు చూసిన అమ్మాయికి ఒక పక్క బాగా తెలుసు. హైదరాబాద్‌లో అద్దె ఇంట్లో ఉంటున్న పెద్దమ్మ నీళ్ల కోసం బిందెలు పట్టుకు నిలబడటం చూసి ఉంటే రెండో పక్కా తెలుసు. రెంటినీ చెప్పి, 'నా ఉద్దేశంలో ముందు తాగడానికే సార్, కానీ రైతుకు నాట్లకు ముందే ఆ సంగతి చెప్పాలి. చెప్పకపోవడమే అన్యాయం' అంటే... ఎదుటివాళ్లు ఒప్పుకోకపోవచ్చు, అడ్డు ప్రశ్న వేయొచ్చు. కానీ ఆ అమ్మాయిని మర్చిపోలేరు.

చరిత్ర విద్యార్థి అయితే మెదక్ పట్టణంలో చర్చి ఉండనే ఉంది. పదేళ్లు కట్టి 1924 క్రిస్మస్‌కు ప్రారంభించారు. కరవు రోజుల్లో జనానికి పనీ తిండీ దొరికేలా చార్లెస్ వాకర్ పాస్నెట్ దాన్ని కట్టించారని ఊళ్లో చిన్నపిల్లాడూ చెబుతాడు. కరవులో దానం చేయడం మేలా, పని కల్పించడం మేలా? ఇవాళ్టి ఉపాధి హామీ పథకం దాకా సాగే చర్చ అది. ఎకనమిక్స్ విద్యార్థి అయితే మహాశివరాత్రి జాతర చాలదూ! మూడు రోజులు వేలాది మంది వచ్చే చోట కొబ్బరికాయ ధర ఎవరు నిర్ణయిస్తారు? కొట్టు వేలం పాడుకున్నవాళ్లకు మిగిలేదెంత? ఎవరికైనా తమ ఊరే మొదటి పాఠ్యపుస్తకం. మనమే దాన్ని ఎప్పుడూ తెరవం.

అలాగని ఊరి కబుర్లతోనే గట్టెక్కలేం. ఎంచుకున్న సబ్జెక్టులో పునాదులు గట్టిగా ఉండాల్సిందే. పీహెచ్‌డీకైతే మరీను. యూజీసీ 2016 నిబంధనల్లోనే ఇంటర్వ్యూలో ఏం చూడాలో రాసి ఉంది. ఈ పరిశోధన చేసే సత్తా అభ్యర్థికి ఉందా? ఆ పని ఈ సంస్థలో సాధ్యమవుతుందా? దానివల్ల కొత్తగా తెలిసేదేమైనా ఉందా? ఈ మూడింటికీ తలా రెండు నిమిషాల్లో జవాబు చెప్పగలిగితే సగం పని అయినట్టే. పాతిక పుస్తకాల పేర్లు వల్లించడంకన్నా, మూడు పుస్తకాలు చదివి వాటితో ఎక్కడ ఏకీభవించలేదో చెప్పడం మేలు.

వల్లెవేస్తే వలలో పడ్డట్టే

ఇంటర్వ్యూ తేదీ రాగానే మనవాళ్లు మొదట చేసే పని రెడీమేడ్ జవాబులు సంపాదించడం. 'మీ బలం ఏంటి?' 'కష్టపడి పనిచేయడం.' 'బలహీనత?' 'ఎక్కువ కష్టపడటం!' ఇలాంటివి విని విని బోర్డులో కూర్చున్నవాళ్ల చెవులు మొద్దుబారి ఉంటాయి. పైగా కంఠతా పట్టినవాళ్లకు ఓ ప్రమాదముంది. ప్రశ్న కాస్త మారితే చాలు, పట్టాలు తప్పిన రైలే.

దరఖాస్తులో రాసిన ప్రతి మాటకూ ప్రశ్న వస్తుందనుకోండి. హాబీ కింద 'పుస్తక పఠనం' అని రాస్తే, చివరగా చదివిందేంటని అడుగుతారు. 'సమాజ సేవ' అంటే ఎవరికి, ఎప్పుడు, ఏం చేశావంటారు. ఈ చదువే ఎందుకన్న వ్యాసాన్ని వేరేవాళ్లతో రాయించుకుంటే అందులోని పెద్ద పదాలే పట్టిస్తాయి.

తెలియనిది అడిగితే 'తెలియదండీ' అనడానికి వెనకాడొద్దు. కాకపోతే అక్కడే ఆగిపోవద్దు. 'కచ్చితంగా తెలియదు. ఆలోచించి చెప్పమంటే ఇలా అయి ఉండొచ్చనుకుంటున్నా' అని ఓ అడుగు వేయండి. జవాబు చెప్పేముందు ఓ పది సెకన్లు మౌనంగా ఉండటం తప్పేమీ కాదు. ఎదుటివాళ్లు కాదంటే రెండు రకాలవాళ్లు నష్టపోతారు... వెంటనే 'అవునండీ, మీరన్నదే నిజం' అని తలూపేవాళ్లూ, ఎంత చెప్పినా పట్టిన పట్టు విడవనివాళ్లూ. వాళ్ల మాటలో పసుంటే ఒప్పుకోండి. లేదనిపిస్తే మర్యాదగా, కారణంతో సహా మీ మాట నిలబెట్టుకోండి.

ఇంగ్లిషు రాకపోతే?

తెలుగు మీడియం ఇళ్లలో అసలు భయం ఇదే. అన్నీ తెలిసినా నోట్లోంచి ఇంగ్లిషు ముక్క రాదు. శ్రీకాకుళం జిల్లాలోని ఓ మారుమూల పల్లె నుంచి వచ్చిన రోణంకి గోపాలకృష్ణ గుర్తున్నారా? సివిల్స్ పరీక్ష తెలుగులో రాసి, ఇంటర్వ్యూలో దుబాసీ సాయంతో తెలుగులోనే జవాబులిచ్చి, 2017లో వచ్చిన ఫలితాల్లో దేశంలో మూడో ర్యాంకు కొట్టారు. అది ఉద్యోగానికి జరిగిన ఇంటర్వ్యూ. విశ్వవిద్యాలయాలన్నీ దుబాసీని పెట్టవు, నిజమే. కానీ ఆలోచన ఏ భాషలో ఉన్నా దాని విలువ తగ్గదని చెప్పడానికి అంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

ఇంగ్లిషులోనే మాట్లాడాల్సి వస్తే చిన్నచిన్న వాక్యాలు చాలు. పెద్ద పదాలకు పోవద్దు. ప్రశ్న అర్థంకాకపోతే మరోసారి చెప్పమని అడగండి. అర్థమైనట్టు నటించి దారితప్పడంకన్నా అది వందరెట్లు నయం. 'ఆయకట్టు', 'ఒడిబియ్యం' లాంటి మాటకు ఇంగ్లిషు దొరక్కపోతే ఆ మాటే అనేసి, అదేంటో విడమర్చి చెప్పండి. అదీ మార్కులు తెచ్చేదే. మరో మాట... పక్క రాష్ట్రాల నుంచి వచ్చి మీతోపాటు బయట బెంచీమీద కూర్చున్నవాళ్లలో సగంమంది భయం కూడా ఇదే.

ఇల్లే రిహార్సల్ హాలు

పది రోజులుంటే చాలు, ఇంట్లోనే బాగా సిద్ధం కావచ్చు. పైసా ఖర్చు లేదు.

మొదటి మూడు రోజులూ రాసుకోవడానికి. ఈ చదువే ఎందుకు, ఇక్కడే ఎందుకు, చదివి ఏం చేస్తావు... ఈ మూడింటికీ నిజమైన జవాబులు సొంత మాటల్లో రాయాలి. వ్యాసంలా కాదు, నాలుగు ముక్కల్లో. వెళ్లబోయే కోర్సులో ఏం చెబుతారో సంస్థ వెబ్‌సైట్‌లో చూసుకోవాలి. 'ఉద్యోగం కోసం' అన్నదే నిజమైతే అదీ చెప్పొచ్చు. కాకపోతే ఎలాంటి ఉద్యోగం, ఎవరికి ఉపయోగం అన్నది తెలిసుండాలి.

తర్వాత నాలుగు రోజులూ మాట్లాడటానికి. ముగ్గురు శ్రోతల్ని వెతుక్కోండి. ఒకరు మీ సబ్జెక్టు బొత్తిగా తెలియనివాళ్లు... నానమ్మో, తాతో. వాళ్లకు అర్థమయ్యేలా చెప్పగలిగితే మీకు అర్థమైనట్టు. రెండోవారు సబ్జెక్టు బాగా తెలిసినవాళ్లు... పాత లెక్చరర్ అయితే మంచిది. మూడోవారు మీకు పెద్దగా పరిచయం లేనివాళ్లు... లైబ్రేరియనో, వీధిచివర ఉండే రిటైరైన ఉద్యోగో. భయం పోయేది ఈ మూడోవారి దగ్గరే. ఫోన్లో రికార్డు చేసుకుని వినండి. మొదటిసారి సిగ్గుగా ఉంటుంది. 'అంటే... అంటే...' అని ఎన్నిసార్లన్నారో, ఎక్కడ జవాబు సాగదీశారో అప్పుడే తెలుస్తుంది. ఏ జవాబూ రెండు నిమిషాలు దాటకుండా చూసుకోండి.

మిగిలిన రోజులు పేపరు చదవడానికీ, కాగితాలు సర్దుకోవడానికీ. ఒక వార్త తీసుకుని ఇంట్లో చర్చించండి. నాన్న ఒక పక్క, అమ్మ ఇంకో పక్క. తర్వాత పక్షాలు మార్చండి! కుల, ఆదాయ ధ్రువపత్రాలూ, మార్కుల జాబితాలూ అడిగిన వరసలో పెట్టుకోండి. ఒక్క కాగితం కోసం చివరి రోజు మీసేవ చుట్టూ తిరగడంకన్నా పెద్ద గుండెదడ లేదు. ఇంటర్వ్యూ ఆన్‌లైన్‌లో అయితే ముఖానికి ఎదురుగా వెలుతురు ఉండేలా కూర్చోవాలి. ఊళ్లో సిగ్నల్ నిలవకపోతే ముందురోజే పట్టణంలోని చుట్టాలింటికి వెళ్లిపోవాలి. కరెంటు పోతే, లైను తెగితే ఎవరికి ఫోన్ చేయాలో నంబరు రాసిపెట్టుకోవాలి. కొత్త సూటు కొనక్కర్లేదు. ఉతికి ఇస్త్రీ చేసిన, మీకు అలవాటైన బట్టలు చాలు.

ఇక పెద్దవాళ్లు చేయాల్సిందొకటుంది, చేయకూడనిదొకటుంది. 'ఈ సీటు రాకపోతే మన పరువేం కాను' అనకూడదు. పిల్లలు 'ఎందుకు' అని అడిగితే విసుక్కోకూడదు. నిజానికి ఇంటర్వ్యూకి తయారీ పది రోజుల ముందు కాదు, పదేళ్ల ముందే మొదలవుతుంది... అన్నం తినేటప్పుడు పిల్లల మాట ఎవరైనా వింటే!

కాదన్నారా... అయితేనేం!

అన్నీ చేసినా సీటు రాకపోవచ్చు. కొద్ది నిమిషాల్లో మనిషిని పూర్తిగా చదవడం ఎవరివల్లా కాదు. వాళ్లూ పొరబడతారు.

1940ల మొదట్లో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం ఎమ్మే చేసిన ఓ తెలుగు కుర్రాడు సైన్యానికి సంబంధించిన ఓ ఉద్యోగం కోసం కలకత్తా వెళ్లాడు. అది దక్కలేదు. కానీ అక్కడున్నప్పుడే ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ గురించి తెలిసింది. వెళ్లి శిక్షణలో చేరాడు. ఆ కుర్రాడే సి.ఆర్.రావు. 1945లో రాసిన ఒక్క పరిశోధన వ్యాసంతో ప్రపంచమంతా స్టాటిస్టిక్స్ విద్యార్థులు ఆయన పేరు చదువుకునేలా చేశాడు. ఉద్యోగం ఇవ్వనన్న ఊళ్లోనే ఓ గొప్ప సంస్థకు తర్వాత ఆయనే సారథి అయ్యాడు. 2023లో అంతర్జాతీయ స్టాటిస్టిక్స్ బహుమతి అందుకుని, అదే ఏడాది నూట రెండేళ్ల వయసులో కన్నుమూశారు. ఆనాడు ఆ ఉద్యోగం వచ్చి ఉంటే ఏమయ్యేదో!

కాబట్టి ఇంటర్వ్యూ నుంచి బయటికి రాగానే అడిగిన ప్రశ్నలన్నీ ఓ కాగితంమీద రాసుకోండి. సీటొస్తే జ్ఞాపకంగా ఉంటుంది. రాకపోతే మరుసటి ఇంటర్వ్యూకి అంతకు మించిన గైడు లేదు.

ఏడుపాయల దగ్గర ఎండ ఎక్కుతోంది. బండమీద కూర్చున్న మనవరాలు కాలువల గురించి, సింగూరు నీళ్ల గురించి తాతను ఒకటే అడుగుతోంది. ఏ ఏడు నీళ్లొచ్చాయి, ఏ ఏడు ఎండింది, మహబూబ్ నహర్ చివరిదాకా నీళ్లు పారాలంటే ఎన్ని రోజులు పడుతుంది... తాత చెబుతూ చెబుతూ ఆగి నవ్వాడు.

''గిన్ని అడుగుతున్నవు. ఇంటర్వ్యూ నీకా, నాకా బిడ్డా?''

''ఇద్దరికీ తాతా. ఇగ చెప్పు, ఆ ఏడు నీళ్లు రాకపోతే ఏం జేసిండ్రు?''

ఇంటర్వ్యూకి తయారవడమంటే ఇదే.